పడవ మోటరుకు నెమలికంఠం రంగు

షెడ్డు మూసేసి ఇంట్లో కూచున్నాక నా దగ్గరికి వచ్చే కుర్రవాళ్లంతా ఒకటే అడుగుతారు, "అన్నా, పాత రంగుకు రంగు కలపడం ఎట్ల?" అని. ఇప్పుడు పెయింటు అంగట్లో యంత్రం ఉంది. బండి పేరూ ఏడాదీ చెప్తే డబ్బా కలిపి చేతికిస్తుంది. ఇక నేను చెప్పేదేముంది? అయినా అడుగుతూనే ఉంటారు. నోటితో ఎన్నిసార్లు చెప్పినా అలసటే తప్ప వాళ్లకు బుర్రకెక్కడం లేదు. అందుకని ఒక్కసారి రాసి పెడుతున్నా.

అనంతపురంలో, రాప్తాడు పోయే రోడ్డు పక్కన, నా పనికాలమంతా జీపులకూ ట్రాక్టర్లకూ స్కూటర్లకూ రంగులేశాను. చేతులకు ఇప్పటికీ థిన్నరు వాసన పోలేదు. ఈ దగ్గు కూడా ఆ పని ఇచ్చిందే. ముక్కుకు గుడ్డ కట్టుకోమని అప్పట్లో చెప్పినవాళ్లు లేరు. మీరు కట్టుకోండి. అన్నిటికన్నా ముందు రాయాల్సిన మాట అదే.

ఎండ

మా వైపు ఇనుముకు తుప్పు తక్కువ. వాన పడితే కదా తుప్పు పట్టేది. ఇక్కడ రంగును తినేది ఎండ. ఎర్ర ట్రాక్టరు కొన్నేళ్లకు ఇటుక రంగుకు దిగుతుంది, ఆ తర్వాత ఉతికిన జాకెట్టు గుడ్డలాగా పాలిపోతుంది. రైతు ఒక్క మడ్‌గార్డుకే రంగు వేయమంటాడు. మీరు కంపెనీ రంగు తెచ్చి వేస్తే, చిరిగిన పంచెకు పట్టుగుడ్డ అతుకేసినట్టు అదొక్కటే మెరుస్తుంది. కాబట్టి కంపెనీ రంగు తెలిస్తే చాలదు. దాన్ని ఎండ ఎంత తినిందో కూడా తెలియాలి.

గార్లదిన్నె దగ్గరి పెద్ద రైతు ఒకాయన జీపు తలుపుకు రంగేశాను. సాయంత్రం ట్యూబులైటు కింద చూసి భుజం తట్టి తీసుకుపోయాడు. పొద్దున్నే మళ్లీ జీపు వచ్చి నిలబడింది.

"ఏమప్పా ఎర్రిస్వామీ, మాపటికి పెండ్లికూతురు, తెల్లారేసరికి ముసిలమ్మనా? ఏం మంత్రమేసినావు?" అన్నాడు.

చూస్తే నిజమే. తలుపు ఒక రంగు, జీపు ఒక రంగు. తలుపు సరిగ్గా కుదిరేదాకా ఆయన నా షెడ్డులోనే బెంచీ మీద కూచున్నాడు. ఊర్లో వాళ్లంతా ఆయన్ను చూడ్డానికి అక్కడికే వచ్చేవాళ్లు, ఆయన పంచాయితీలు కూడా నా థిన్నరు డబ్బాల మధ్యే జరిగాయి. అప్పటినుంచి నేను ట్యూబులైటు కింద రంగును నమ్మలేదు. పొద్దున పూట, నీడలో, ఆరినాక చూడాలి. తడిమీద ఒక రంగు, ఆరినాక ఇంకో రంగు. ఇక నలుపు అంటారా, అది కూరలో ఉప్పు లాంటిది. వేయగలం, తీయలేం.

ఉస్తాద్ చెప్పిన గవా

నాకు పని నేర్పింది బాషా ఉస్తాద్. ఆయన మంచివాడని రాయమంటే రాయలేను. నోరు తెరిస్తే బూతులు. కలిపిన రంగు నచ్చకపోతే డబ్బా ఎత్తి నేలమీద పోసేవాడు. ఒకసారి పోసింది నా కాళ్ల మీదే. మెచ్చుకోలు ఆయన నోట వినలేదు. ఆ పద్ధతులేవీ మీరు నేర్చుకోవద్దు.

ఒక్కటి మాత్రం నేర్చుకోండి. ఏ బండికి రంగేసినా, కంటికి కనపడని చోట బొటనవేలంత పాత రంగు అట్లాగే వదిలేయాలి. రబ్బరు కిందనో, నంబరు ప్లేటు వెనకనో. దాన్ని ఉస్తాద్ గవా అనేవాడు. గవా అంటే సాక్షి.

"ఎందుకు ఉస్తాద్, పని సగం చేసినట్టు?" అని కొత్తలో అడిగాను.

"మనం పోతాం బేటా, మనమేసిన రంగూ పోతాది. రేపు ఇంకోడొచ్చి గోకి చూస్తాడు. వానికి నిజం చెప్పేదానికి ఆడ ఒకడుండాల గదరా," అన్నాడు. ఆ తర్వాత అలవాటుగా ఒక బూతు కలిపాడు. నేను మాత్రం ఏ బండికీ గవా వదలడం మానలేదు. దాని అవసరం నిజంగా పడింది ఒక్కసారే. అదీ బండికి కాదు.

బస్సులో వచ్చిన మోటరు

తొంభైల చివర్లో ఒక ఎండాకాలం, కళ్యాణదుర్గం బస్సు దిగి ఒక మనిషి గోనెపట్ట చుట్టిన బరువేదో భుజాన పెట్టుకుని నా షెడ్డుకు వచ్చాడు. చొక్కా అంతా తడిసిపోయి ఉంది. దించి గోనెపట్ట విప్పితే, పడవకు వెనక తగిలించే మోటరు. నేను అంతకుముందు దాన్ని బొమ్మల్లో తప్ప చూడలేదు.

"నా పేరు ఓబులేసన్నా. కంబదూరుకు అవతల డ్యాములో పడవ డ్రైవర్ని," అన్నాడు.

మా అనంతపురం జిల్లాలో పడవ డ్రైవరు! నాకు నవ్వాగలేదు. అతనేమీ నొచ్చుకోలేదు.

"నవ్వులే అన్నా. బస్సులో అందురూ నవ్వినారు. ఇది ఏందప్పా అంటే పడవ మోటరు అన్నా. ఏమప్పా, ఇసకలో తిప్పుతావా అని కండక్టరు."

డ్యాము కట్టిన కాలంలో లోతు కొలవడానికీ, గేట్ల దగ్గర చెత్త తీయడానికీ పడవ కొన్నారు. ఈ మోటరు పరదేశంలో తయారైంది. ఓబులేసు చేరినప్పుడు డ్యాములో నీళ్లుండేవి. తర్వాత ఒక ఏడు ఉండి ఒక ఏడు లేక, అప్పటికి అడుగున మడుగు మిగిలింది. కొత్తగా వచ్చిన ఇంజనీరు పనికిరాని సామాను అంతా కండెమ్ చేస్తానని చెప్పాడట. మోటరు పోతే పడవ పోతుంది, పడవ పోతే ఓబులేసును ఏదో కాలువ గేటు దగ్గర వాచ్‌మన్‌గా కూర్చోబెడతారు.

"ఇంజను మెకానిక్కు బాగు చేసినాడన్నా. గొంతు బాగుండాది. మొగమే బాగలేదు. సారు చూడగానే పాతినుపసామాను అంటాడు. నాకింక కొన్నేండ్లే సర్వీసు. పడవ మీదనుంచే దిగిపోవాలన్నా, స్టూలు మీదనుంచి గాదు."

ఆ మాట అన్నప్పుడు అతని ముఖంలో నవ్వు లేదు. నేనూ నవ్వడం ఆపేశాను.

మోటరు బయటికి వెలిసిపోయిన లుంగీలాగా ఉంది. నీలమా, బూడిదా అంటే చెప్పలేం. ఇంజను మీద మూతను మేము టోపీ అంటాం. ఆ టోపీ అంచున రబ్బరు పట్టీ ఉంది. మెల్లగా లేపి చూశాను. దాని కింద ఎండ ఎన్నడూ తగలని అసలు రంగు. పట్టుచీరల్లో నెమలికంఠం అంటారే, అది. నీలంలో పచ్చ కలిసి, పక్కకు తిప్పితే నల్లగా దిగేది. అంత మంచి రంగు నా షెడ్డులోకి అంతకుముందు రాలేదు.

శెనక్కాయ నూనె

రంగు కుదరడానికి రెండు పొద్దులు పట్టింది. దానికి బాధ లేదు. బాధ మొదటి కోటు వేశాక మొదలైంది. టోపీ నిండా అమ్మవారు పోసినట్టు గుంటలు గుంటలు. గోకి, కడిగి, మళ్లీ వేశాను. మళ్లీ గుంటలే. కంప్రెసరులో నీళ్లున్నాయేమో అనుకున్నా, థిన్నరు కల్తీ అనుకున్నా. అంగడివాణ్ణి కూడా తిట్టి వచ్చాను, పాపం. చివరికి ఓబులేసు వచ్చినప్పుడు అడిగాను.

"దీనికి ఏమన్నా పూసినావా?"

"ఏం పూయలేదన్నా. వారానికొకతూరి ఇంత శెనక్కాయ నూనె రాస్తాంటి. అంతే."

"మోటరుకా?"

"ఎద్దుల కొమ్ములకు రాయమా? ఎండకు పగలకుండా ఉంటాదని రాస్తి. చేరినప్పట్నుంచి రాస్తానే ఉండా."

నాకు కోపం రావాలి, రాలేదు. మా సొంతూరు కంబదూరులో మా నాయన ఎద్దుల కొమ్ములకు అట్లాగే రాసేవాడు. చేతిలో చుక్క మిగిలితే మా మోచేతులకు పూసేవాడు. మా నేలలో పండేది శెనక్కాయే కాబట్టి దేని మీద ప్రేమ ఉన్నా ఆ నూనే పూస్తాం. కానీ నూనె తాగిన లోహం మీద రంగు నిలవదు. ప్రేమతో చేసిన పాడు బాగు చేయడం కష్టం, తిట్టడానికి కూడా ఉండదు.

ఆ టోపీ అల్యూమినియం. నూనె పోవాలని అల్యూమినియానికి కాస్టిక్ సోడా తగిలించకండి, లోహాన్నే తినేస్తుంది. నేను చేసింది ఇది. మధ్యాహ్నం పూట టోపీని ఎండలో పెట్టాను. కాలేకొద్దీ సందుల్లోంచి నూనె చెమట పట్టినట్టు పైకి వచ్చింది. థిన్నరు గుడ్డతో తుడిచి, మళ్లీ ఎండలో పెట్టి, మళ్లీ తుడిచి, నూనె రావడం ఆగాక సబ్బుతో కడిగాను. మామూలు ప్రైమరు అల్యూమినియం మీద పొరలు పొరలుగా లేస్తుంది కాబట్టి దానికి తగిన ప్రైమరు బళ్లారి నుంచి తెప్పించి వేశాను. నా పనికాలంలో ఎండ నాకు సాయం చేసింది ఆ ఒక్కసారే. రబ్బరు కింద బొటనవేలంత గవా వదిలేశాను.

పని ముగిశాక ఓబులేసు వచ్చి చూసి గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు.

"ఇది నాది గాదన్నా," అన్నాడు.

"నీదే. కావాలంటే చూడు," అని టోపీ తీసి, రబ్బరు లేపి గవా చూపించాను. అతను గవా వైపూ పైరంగు వైపూ మార్చి మార్చి చూశాడు. వేలు పెట్టబోయి వెనక్కి తీసుకున్నాడు.

"ఇట్లుండెనా ఇది! నేను చేరేసరికే తెల్లగా ఉండె. నాకు ముందు డ్రైవరుగా ఉన్నాయప్ప బాగా తిప్పినట్టుండాడు. నీళ్ల మీద ఎండ రెండింతలు గదన్నా, పైనుంచి ఒకటి, కిందనుంచి ఒకటి." గోనెపట్ట తీసి దులుపుతూ అన్నాడు, "మళ్లీ తెల్లగయ్యేదాకా తిప్పుతాలే."

రంగు వేసినవాడితో, నీ రంగు వెలిసేదాకా వాడతానని చెప్పిన మనిషి అతనొక్కడే. మిగతావాళ్లంతా ఎన్నేళ్లు నిలుస్తుంది అని గ్యారంటీ అడిగేవాళ్లే. నాకు చాలా సంతోషమైంది. నూనె మాత్రం రాయవద్దని ఒట్టు వేయించుకుని పంపాను.

డ్రమ్ములో పరీక్ష

ఇంజనీరు చూసే రోజున ఓబులేసు నన్నూ రమ్మన్నాడు. బిగించేటప్పుడు గీత పడితే సరిచేయడానికి అని అన్నాడు గానీ, అసలు సంగతి అతనికి భయం. నేను చిన్న డబ్బా, బ్రష్షు పట్టుకుని పోయాను.

ఇంజనీరు కుర్రవాడే. మోటరు చుట్టూ తిరిగి, వేలితో తట్టి, "ఇంత కొత్త రంగు ఎందుకేశారు? ఏం దాచారు దీంట్లో?" అన్నాడు.

ఓబులేసు ముఖం మాడిపోయింది. ఏ రంగు మోటరును కాపాడుతుందనుకున్నాడో, ఆ రంగే దాని మీద అనుమానం తెచ్చింది. ఇంజనీరును తప్పు పట్టను. సంతలో కొమ్ములకు కొత్తగా రంగేసిన ఎద్దును చూస్తే నేనైనా ముందు పళ్లు చూస్తాను. పగుళ్లలో పుట్టీ కూరి పైన రంగేసి అమ్మినవాళ్లు మా వృత్తిలో కొల్లలు. మా మీద జనానికి ఉన్న అనుమానం మేము సంపాదించుకున్నదే.

నేను ముందుకు పోయి టోపీ విప్పాను. "సార్, రబ్బరు కింద పాత రంగు వదిలేసినాం చూడండి. దాని పక్కన మేమేసింది. రెండింటి మధ్య అంచు గోరుతో తడమండి. మెట్టు ఉందా? పుట్టీ ఉంటే మెట్టు తగుల్తాది. లోపలిపక్క రంగే వేయలేదు, పగులుంటే ఆడ కనపడుతుంది."

ఆయన గోరుతో తడిమాడు. టోపీ తిరగేసి లోపల వెలుతురులో చూశాడు. "వదిలేయడం మీ పద్ధతా?" అని అడిగాడు.

"మా ఉస్తాద్ పద్ధతి సార్."

"మంచిది. నడిపి చూపించండి," అన్నాడు.

నడపాలంటే మోటరు అడుగుభాగం నీళ్లలో ఉండాలి, లేకపోతే కాలిపోతుంది. మడుగు దాకా పోతే బురదే. అందుకని ఆఫీసు ముందర ఒక డ్రమ్ము పెట్టి, ట్యాంకరు నుంచి పట్టుకున్న నీళ్లు నింపారు. క్వార్టర్సులో ఉండే ఆడవాళ్లు ఖాళీ బిందెలు చంకన పెట్టుకుని వరసగా నిలబడి చూస్తున్నారు.

"అవి మేం తాగేటివి సారూ," అని ఒకామె అన్నది. ఇంజనీరు డ్రమ్ము వైపు చూశాడు.

ఓబులేసు తాడు లాగాడు. పలకలేదు. మళ్లీ లాగాడు. దగ్గింది. మూడోసారి లాగేటప్పుడు అతని పెదాలు కదులుతున్నాయి, ఏ దేవుణ్ణి తలుచుకున్నాడో. మోటరు పట్టుకుంది. డ్రమ్ములో నీళ్లు సుడి తిరిగి అంచుల మీదుగా చిమ్మాయి, పొగ కమ్మింది, పిల్లలు కేకలు పెట్టారు. ఓబులేసు పిడి పట్టుకుని, ముందు నిజంగా నీళ్లున్నట్టే దూరంగా చూస్తున్నాడు.

ఆపినాక నీళ్ల మీద నూనె పొర తేలి రంగులు తిరుగుతోంది. ఇందాకటి ఆమె దగ్గరికి వచ్చి చూసింది. "రంగులు బాగుండాయి గానీ, ఈ నీళ్లేం చేసుకోవాల? ఎనుము గూడ మూతి పెట్టదు," అని ఖాళీ బిందెతో వెళ్లిపోయింది.

ఇంజనీరు కాగితం మీద ఏదో రాసుకుని ఓబులేసుతో అన్నాడు, "మోటరు బాగుంది, ఉంచుకోండి. నీళ్లు మాత్రం నా చేతుల్లో లేవు." అంతకన్నా నిజాయితీగా మాట్లాడిన అధికారిని నేను చూడలేదు.

ఆ తర్వాత

ఆ ఏడు మబ్బులు బాగా వచ్చాయి. గాలి వచ్చి తోసుకుపోయింది. మరుసటి ఏడూ అంతే. ఆ తర్వాత ఏళ్లలో అయితే మబ్బులు కూడా లేవు. డ్యాములో ఆ మడుగూ ఎండి నెరియలు బారింది. పడవను బోర్లించారు. దాని నీడలో మేకలు పడుకునేవి. మా వైపు కరువు గురించి రాయడానికి నాకు ఓపిక లేదు. చదివే మీకూ ఉండదు. ఊర్లకు ఊర్లు బెంగళూరు బస్సెక్కాయి, అంతే.

ఓబులేసు అనంతపురం వచ్చినప్పుడల్లా షెడ్డుకు వచ్చి టీ తాగి పోయేవాడు. "మోటరు ఎట్లుండాది?" అని నేను అడిగేవాణ్ణి. "బాగుండాదన్నా," అనేవాడు. నీళ్ల సంగతి నేను అడగను, అతను చెప్పడు. ఒకటి రెండుసార్లు మాత్రం, "ఈ తూరి వాన వస్తాదంటన్నా," అన్నాడు. ఎవరన్నారని నేను అడగలేదు.

అట్లాగే అతని సర్వీసు అయిపోయింది. చివరి రోజు నన్ను రమ్మని కబురు చేశాడు. దండలూ ప్రసంగాలూ అయ్యాక నన్ను రేకుల షెడ్డు దగ్గరికి తీసుకుపోయి తాళం తీశాడు. మోటరు మీద కప్పిన పాత దుప్పటి తొలగించాడు.

అద్దంలా ఉంది. నేను వేసిన రోజు ఎట్లా ఉందో అట్లాగే ఉంది. చేతి అలవాటుకొద్దీ టోపీ తీసి రబ్బరు లేపాను. గవాకూ పైరంగుకూ తేడా వెంట్రుకంత కూడా లేదు. ఏ రంగు పనివాడైనా అది చూసి పొంగిపోవాలి. నేను వేసిన రంగులన్నీ ఎండకు పోయాయి. వెలవకుండా నిలిచింది అదొక్కటే. దుప్పటి కింద ఎండ మొహమే చూడలేదు కాబట్టి నిలిచింది, టోపీ మళ్లీ పెట్టేశాను.

"నూనె రాయలేదన్నా, ఒట్టు. పొడిగుడ్డతోనే తుడిస్తి," అన్నాడు ఓబులేసు. "నీ రంగు గట్టిది."

అతను వంగి మోటరును ఎత్తి భుజాన పెట్టుకున్నాడు. వయసు మీద పడిందేమో, ఒక అడుగు పక్కకు తూలాడు. సాయం పట్టబోతే వద్దన్నాడు. బయటికి తెచ్చి, బోర్లించిన పడవ పక్కన, నడి ఎండలో, ఒక బండరాయికి ఆనించి నిలబెట్టాడు.

"ఏం చేస్తాండావు ఓబులేసూ?"

"ఈ ఒక్క దినమన్నా ఎండలో ఉండనీలే అన్నా. తాళాలు మాపటికి ఇస్తా."

ఇద్దరం మేకలను జరిపి ఆ పడవ నీడలో కూచున్నాం. నెమలికంఠం రంగు ఎండకు ధగధగలాడుతోంది. అతను దాన్నే చూస్తూ, పొద్దు వాలేకొద్దీ లేచి, నీడ పడకుండా దాన్ని పక్కకు జరిపి వచ్చి కూచుంటున్నాడు. ఒక్క రోజు ఎండకు ఏ రంగూ వెలవదని నాకు తెలుసు. అతనికి చెప్పలేదు.